కౌంటరు కింద లేని టైల్సు

"ఎన్నిసార్లు వాయించానో చెప్పండి. ఆలోచించొద్దు, ఠక్కున చెప్పాలి."

"ఆరు."

"పన్నెండు," అన్నాడు మేస్త్రీ, గిటారు తీగల మీద నుంచి చెయ్యి తియ్యకుండానే. "ఏం గురువుగారూ, ఆరేళ్లుగా వింటున్నారు. సగం ఎక్కడ పారేసుకున్నారు?"

"తర్వాతవి వేరేవనుకున్నాను."

"వేరేవి ఎక్కడున్నాయి? మొదటిదీ పన్నెండోదీ నా చేతికి ఒక్కటే. కావాలంటే దీన్నడగండి."

దీన్ని అంటే కూతుర్ని. ఇరవై రెండేళ్ల పిల్ల. వారమంతా మందుల షాపులో పనిచేసి, ఆదివారం మధ్యాహ్నం మంద్రంగా మోగే బేస్ గిటారు భుజాన వేసుకుంటుంది. "నాన్న చెయ్యి మారలేదు బాబాయ్," అంది. "కింద నేను మారాను. నాలుగోసారి అయ్యాక ఒక మెట్టు దిగాను, ఎనిమిదోసారి అయ్యాక ఇంకో మెట్టు. పైన ఆయన అలాగే ఉన్నాడు. మీకేమో గదే మారిపోయినట్టనిపించింది."

"చూశారా! టైల్సు మేస్త్రీ కడుపున పుట్టి, మనుషుల కాళ్ల కింద నేల లాగేసే పిల్ల!"

ముగ్గురం నవ్వాం. మామూలుగా అయితే ఇక్కడ నాలుగో నవ్వు కూడా వినబడాలి, అందరికంటే పెద్దది. ఆ నవ్వు రావలసిన మూల డ్రమ్ముల మీద పాత దుప్పటి కప్పి ఉంది. మూడు వారాలుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. దాని వెనక కూర్చోవలసిన మనిషి మేస్త్రీకి బావమరిది, అంటే భార్యకి స్వయానా తమ్ముడు. సిటీ బస్సు డ్రైవరు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆ దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి, దాన్నే కుర్చీ మీద మెత్తగా వేసుకుని కూర్చున్నది ఆయనే.

పైనెల రెండో ఆదివారం ఒక చిన్న హాల్లో వీళ్లు వాయించాలి. నాలుగేళ్లుగా కడుతున్న పాట, పన్నెండు నిమిషాలది, ఆ రోజే మొదటిసారి జనం ముందుకి వస్తుంది. డ్రమ్ముల మనిషి రాకపోతే పాట లేదు. ఇంకొకర్ని పిలవచ్చుగా అని ఒకసారి నోరు జారాను. మేస్త్రీ నా వంక అదోలా చూశాడు. "మీ వంటింట్లో ఒక టైలు పగిలితే, చేతికి దొరికింది తెచ్చి అతికించమంటారా?" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా పరిచయం కూడా ఆ వంటింటి టైల్సుతోనే. ఆరేళ్ల క్రితం నేల వేయడానికి వచ్చాడు. టైలు పరిచాక రబ్బరు సుత్తితో తట్టి చూస్తారు. కింద సిమెంటు నిండుగా ఉంటే ఒక మోత, డొల్లగా ఉంటే ఇంకో మోత. ఏ మేస్త్రీ అయినా చేసే పనే. కానీ ఈయన తట్టడంలో ఏదో తేడా ఉంది. పక్క గదిలో పేపరు చదువుకుంటున్న నా చెవికి అది ప్రతిసారీ ఎక్కడో తడబడి, పడబోయి నిలదొక్కుకున్నట్టు వినబడేది. రెండో రోజు ఉండబట్టలేక వెళ్లి అడిగాను.

"ఏడు," అన్నాడు తలెత్తకుండా. "మీరు ఎనిమిదో దెబ్బ కోసం చూస్తున్నారు. అందరూ అంతే. నేను ఏడు దగ్గరే తిరిగి మొదలెడుతున్నా. మీ చెవి అక్కడ గుమ్మం తగిలినట్టు తట్టుకుంటోంది. సాయంత్రం ఖాళీయేనా?"

అలా వచ్చాను ఈ గదికి. ఇంటి వెనక రెండు మెట్లెక్కితే సామాన్ల గది. మోత బయటికి పోకుండా గోడలకి టైల్సు వచ్చిన అట్టపెట్టెలు విప్పి, పొర మీద పొర బిగించాడు. నేల మాత్రం చూసి తీరాలి. నలభై ఇళ్లలో పని అయ్యాక మిగిలిపోయిన టైల్సు అవి. ఏ రెండూ ఒకటి కావు. "ఊరందరికీ డిజైన్లు, మనకి అతుకుల బొంత," అని భార్య దెప్పుతుంది. మా వంటింటి లేతపచ్చ టైలు కూడా ఒకటుంది కిటికీ దగ్గర. నేనొస్తే నా కుర్చీ దాని మీదే వేస్తాడు. "మీ స్థలంలో మీరు కూర్చోండి. మాకేం అభ్యంతరం లేదు," అంటాడు.

వీళ్లది మెటల్ సంగీతం, రాక్‌లో బరువైన మోత ఉండే రకం. అందులోనూ ప్రోగ్రెసివ్ మెటల్ అనే రకం. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అంటూ బుద్ధిగా ఇంటికి తిరిగొచ్చే పాటలు కావు. పది పన్నెండు నిమిషాలు నడుస్తాయి, దారిలో లెక్క మారుస్తాయి, వెళ్లిన దారిన వెనక్కి రావు. అలాంటి పాట చెదిరిపోకుండా పట్టి ఉంచేది గిటారు మీద వాయించే చిన్న ముక్క ఒకటి. రిఫ్ అంటారు దాన్ని. మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది, వెంటనే మళ్లీ మొదలవుతుంది. మొదట్లో నాకది ఒకే మాట పదిసార్లు చెప్పే ముసలాయనలా అనిపించేది. ఇప్పుడు అదే ముక్క అయిదోసారి వచ్చేసరికి కుర్చీలో ముందుకి వంగుతున్నాను, ఈసారి ఏం జరుగుతుందో అని.

"ముక్క గొప్పది కానక్కర్లేదు," అంటాడు మేస్త్రీ. "ఒక్క టైలు చేతిలో పట్టుకుని చూడండి. ఏముంది అందులో? పక్కన ఏం పెట్టాం, ఎన్నో దగ్గర తిప్పి పెట్టాం, గోడ దగ్గర ఎలా ఆపాం, అదీ పని."

ఆయనకీ సంగీతం ఎవరూ నేర్పలేదు. పందొమ్మిదేళ్లప్పుడు ఒకచోట నేల వేస్తుంటే, పక్క వాటాలో ఎవరో రోజంతా ఒకటే పాట పెట్టేవారట. పదమూడు నిమిషాల పాట. గోడ అవతల నుంచి నాలుగు రోజులు విన్నాడు. "నేలైతే నేను ఇట్టే చెప్పేస్తా, ఇదిగో డిజైన్ ఇక్కడ తిరగబడింది అని. ఆ పాటకి జాయింటు కనబడలేదండీ! అన్నం తింటున్నా అదే ధ్యాస." పని అయిపోయిన రోజు, చేతులకి సిమెంటుతోనే ఆ వాటా తలుపు తట్టి, ఇంకొక్కసారి పెట్టమని అడిగాడు. లోపలి మనిషి పాట వినిపించి, బాల్కనీలో మూలపడేసిన గిటారు కూడా చేతిలో పెట్టి పంపాడు. దానికి మూడు తీగలే ఉన్నాయి. మిగతావి తెగిపోయాయని ఈయనకి రెండేళ్లదాకా తెలియదు.

"గిటారంటే మూడు తీగలే కాబోలు అనుకున్నా. నవ్వకండి. ఎవర్నడగను? ఉన్న మూడింటితో ఎన్ని వేషాలేస్తాం? అందుకని లెక్క మీద పడ్డా. ఒకే ముక్కని ఏడుకి కట్టి చూశా, అయిదుకి కట్టి చూశా. ఆరు తీగలూ మొదటి రోజే ఉండుంటే అందరిలా రాగాలు తీసుకుంటూ కూర్చునేవాణ్ణి."

పాట కట్టే పద్ధతి కూడా పనిలోంచి వచ్చిందే. తెలిసిన మేస్త్రీ సిమెంటు కలిపే ముందు టైల్సుని ఉత్తినే నేల మీద పరిచి చూసుకుంటాడు. గుమ్మంలో అతుకు పడుతుందా, గోడ దగ్గర సన్నటి ముక్క మిగులుతుందా అని. ఈయన విరిగిన టైలు ముక్కల వెనక పెన్సిలుతో ఒక్కో రిఫ్ రాసి, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి వరసగా పరుస్తాడు. అదే పాట. ముగ్గురూ గిటార్లూ కర్రలూ పక్కన పడేసి దాని చుట్టూ తిరుగుతారు. ఒకరు వంగి ఒక ముక్క తీసి అవతల పెడతారు, ఇంకొకరు కాలితో వెనక్కి తోస్తారు. అంతా కుదిరాకే వాయించడం.

ఇంతకుముందు పాట కడుతున్నప్పుడు ఒకసారి, గది ఊడవడానికి వచ్చిన భార్య ఆ ముక్కలన్నీ ఎత్తి, ఊడ్చి, మళ్లీ బుద్ధిగా వరసగా పెట్టి వెళ్లింది. వరస మాత్రం ఆవిడ ఇష్టం, చిన్నవి ముందు, పెద్దవి వెనక. కూతురు, నాన్న మార్చాడేమో అనుకుంది. మేస్త్రీ, బావమరిది మార్చాడేమో అనుకున్నాడు. బావమరిది, బావతో వాదన ఎందుకులే అనుకున్నాడు. రెండు వారాలు ముగ్గురూ ఆ వరసే సాధన చేశారు. చివరికి సంగతి బయటపడ్డాక తిరిగి పాత వరసకి వెళ్దామని చూస్తే, మధ్యలో ఒకచోట చీపురు పెట్టిన వరసే బాగుంది. దాన్ని అలాగే ఉంచేశారు. "ఆ పాట సగం మా ఆవిడ రాసింది," అని మేస్త్రీ దాన్ని వాయించిన రోజు హాల్లో మైకు పట్టుకుని మరీ చెప్పాడు. ఇంట్లో ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆవిడ వంటింట్లోంచే సమాధానం చెప్పేది: "మిగతా సగం కూడా ఊడ్చేస్తే పీడాపోతుంది."

ఇక అసలు సంగతి. ఇప్పుడు కడుతున్న పాటలో చివరి ముక్క ఏడు లెక్కది. డ్రమ్ములు మాత్రం కింద నాలుగు లెక్కలో నడుస్తాయి. పైన ఏడు తిరుగుతుంటే కింద నాలుగు తిరుగుతుంది. రెండూ ఒక్కసారే బయల్దేరతాయి, వెంటనే విడిపోతాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, దాటుకుంటూ వెళ్లి, సరిగ్గా ఇరవై ఎనిమిదో దెబ్బతో రెండు లెక్కలూ ఒకేసారి పూర్తవుతాయి. ఆ వెంటనే పడే దెబ్బకి వినేవాడి ఒళ్లు తేలికవుతుంది. గిటారు నాలుగు చుట్లు తిరిగితే ఒక కలయిక. మేస్త్రీ ఆ ముక్కని ఇరవై నాలుగుసార్లు పెట్టాడు. అంటే ఆరు కలయికలు. దాదాపు నిమిషంన్నరసేపు డ్రమ్ముల మనిషి రెండు కాళ్లతో రెండు పెడళ్లనీ ఆపకుండా తొక్కాలి.

మూడు వారాల క్రితం గొడవ అక్కడే వచ్చింది. ఆ రోజు నేను నా పచ్చ టైలు మీదే ఉన్నాను.

"బావా, ఇరవై నాలుగెందుకు? ఎనిమిది చాలదూ?" అన్నాడు బావమరిది, మెడ తుడుచుకుంటూ.

"ఎనిమిదికి అర్థమవుతుందిరా. అర్థమయ్యాకే కదా అసలు వినడం మొదలయ్యేది."

"నీకు మొదలవుతుంది. వినేవాడు లేచి పోతాడు. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టుంది. బోరు బావా, బోరు!"

పద్దెనిమిదేళ్లలో బావమరిది ఈయన్ని అనని మాట లేదు. మొండి అన్నాడు, చెవిలో జోరీగ అన్నాడు, సిమెంటు బుర్ర అన్నాడు. బోరు అని మాత్రం ఎప్పుడూ అనలేదు. మేస్త్రీ ముఖం మారిపోయింది.

"స్టాపు స్టాపుకీ ఆపడం అలవాటైనవాడివి. సాగేదేదైనా నీకు బోరుగానే ఉంటుంది."

బావమరిది కర్రలు సంచిలో పెట్టుకున్నాడు. దుప్పటి తానే విప్పి డ్రమ్ముల మీద కప్పాడు, నాలుగు మూలలూ సర్ది మరీ. "నేను ఆపబట్టే బావా జనం ఇళ్లకి చేరుతున్నారు. నువ్వేసుకున్న నేల మీద నువ్వే కూర్చో," అని వెళ్లిపోయాడు. ఆ రెండు మెట్లూ గోడ పట్టుకుని దిగాడు. కోపం అనుకున్నాం.

కోపం కాదు. పది రోజుల తర్వాత భార్య నోరు విప్పింది. చెప్పనని తమ్ముడికి మాటిచ్చిందట. "మాటిచ్చాను కానీ నువ్వు రోజూ ఆ దుప్పటి వైపు చూసి అన్నం మానేస్తుంటే నేనేం చెయ్యను? నీ పాట వాడికి బోరు కాదు. మోకాలు. ఎడమ మోకాలు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా క్లచ్చి తొక్కే కాలు. అది పోతే బస్సు పోతుంది. నొప్పి అని చెబితే నువ్వు పాట ఆపేస్తావని వాడి భయం. అందుకని బోరన్నాడు, సన్నాసి."

మేస్త్రీ ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు నేల వైపే చూస్తున్నాడు. "నాలుగేళ్లు, గురువుగారూ. నేను వాడి చెయ్యి వింటున్నా, కాలు వింటున్నా. డొల్ల టైలు ఎక్కడున్నా పట్టేస్తానని గొప్పలు. నా పక్కనున్నవాడి మోకాలు పట్టలేకపోయా. ఆఖరి నెలలో వాడి ఎడమ కాలు రవ్వంత వెనకబడుతోంది. విన్నా. విని, ఓహో, కొత్తగా వాయిస్తున్నాడు, బాగుంది అనుకున్నా!"

బస్సు డ్యూటీలో ఉన్న తమ్ముడి బదులు మోకాలి స్కాను తేవడానికి పోయిన బుధవారం భార్య వెళ్తుంటే, తనూ క్లినిక్కుకి వెళ్లాడు. ఆ క్లినిక్కు నేల ఈయన వేసిందే. అరచేతికి కాస్త పెద్దవి, బూడిదరంగు టైల్సు. గోడ పక్కగా ఒక వరసలో మాత్రం ఆరు బూడిదవి పెట్టి ఏడోది నీలం పెట్టాడు. ఆ వరస వెంబడే కుర్చీలు, నాలుగు టైల్సుకొకటి. ఇరవై ఎనిమిదికోసారి నీలం టైలు సరిగ్గా కుర్చీకి ఎదురుగా పడుతుంది. అలా పడుతుందని ఈయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా అలాంటివి పెట్టడం ఈయనకి సరదా.

ఆ పని చేస్తున్నప్పుడు డాక్టరుతో ఒక పేచీ వచ్చింది. ఆ గోడకి మధ్యలో, ఆ వరస మీదుగానే కౌంటరు వస్తుంది. కౌంటరు కింద టైల్సు అక్కర్లేదు, ఎవరు చూస్తారు, ఉత్త సిమెంటు చాలన్నాడు డాక్టరు. డిజైన్ మధ్యలో తెగిపోతుందని ఈయన. గోడకి చెప్పినట్టే అయింది. చివరికి ఈయన నేల మీద దారం పట్టి, లేని టైల్సుని ఇరవై ఎనిమిది వరకూ లెక్కపెట్టి, కౌంటరు అవతలి గట్టున ఇరవై తొమ్మిదోది పెట్టాడు. ఇష్టం లేకుండానే. వారం రోజులు ఆ సంగతి తలుచుకుని సణిగాడు కూడా.

బుధవారం అక్కడే కుర్చీలో కూర్చున్నారు, పిలుపు కోసం. అదే వరసలో కాస్త అవతల కౌంటరు.

"చూస్తున్నా," అన్నాడు మేస్త్రీ. ఈ మాట చెబుతుంటే ఆయన చెయ్యి గిటారు వదిలేసి గాల్లోకి లేచింది. "ఈ పక్క నుంచి నా కన్ను బయల్దేరింది. ఆరు బూడిద, నీలం. ఆరు బూడిద, నీలం. కౌంటరు కిందికి వెళ్లింది. అవతల నుంచి బయటికొచ్చింది. ఎక్కడా తట్టుకోలేదండీ! అక్కడ టైల్సు లేవని నాకు తెలుసు. దారం పట్టింది నేనే కదా. నా కంటికి మాత్రం ఉన్నాయి. అంతా ఉంది. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. అమ్మా, ఆ కౌంటరు కింద ఏముంది అన్నా. ఏముంటుంది నాయనా, ఇదే నేల అంది!"

"నువ్వు లేచి నిలబడి చప్పట్లు కొట్టావు, అది కూడా చెప్పు," అంది భార్య గుమ్మంలోంచి. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఎప్పుడొచ్చిందో వచ్చింది. "మోకాలి స్కాను చేతిలో పెట్టుకుని చప్పట్లు! నాకు తల కొట్టేసినట్టయింది అన్నయ్యగారూ. డాక్టరేమో, డ్రమ్ముల పెడలు ఏకబిగిన అరనిమిషం మించి తొక్కకూడదు, తర్వాత కాలికి విశ్రాంతి ఇవ్వాలి అని చెబుతుంటే, ఈయన 'ఎంతసేపు విశ్రాంతి? నలభై సెకన్లు చాలా?' అని బేరం. డాక్టరు బిత్తరపోయాడు."

"చాలన్నాడా లేదా?"

"చాలన్నాడులే."

అప్పుడు నాకు కొంచెం కొంచెంగా తెలిసింది, ఇందాక ఆ పన్నెండుసార్లు ఎందుకు వాయించాడో.

"కూర్చోండి, అసలుది ఇప్పుడు," అన్నాడు మేస్త్రీ. కూతురు ఫోను తీసి స్పీకరుకి తగిలించింది. పాత సాధనలో రికార్డు చేసిన మామయ్య డ్రమ్ములు అందులో ఉన్నాయి. వాటిని కత్తిరించి పెట్టుకుంది. మొదటి ఎనిమిది చుట్లకి డ్రమ్ములుంటాయి. అరనిమిషం కూడా కాదు. తర్వాత పన్నెండు చుట్లకి ఏమీ ఉండదు. ఆఖరి నాలుగుకి తిరిగొస్తాయి.

"ఒక్కటి కూడా తగ్గించలేదు," అన్నాడు మేస్త్రీ. "ఇరవై నాలుగూ ఉన్నాయి. మీరు ఊరికే వినండి."

మొదలైంది. గిటారు ఏడు, డ్రమ్ములు నాలుగు. తోపులాట. మొదటి కలయిక, రెండో కలయిక. ఠక్కున డ్రమ్ములు ఆగిపోయాయి.

పడిపోతాననుకున్నాను. పడలేదు. గిటారు ఒంటరిగా తిరుగుతోంది, కింద బేసు నాలుగేసి చుట్లకొక మెట్టు దిగుతోంది. నా కాలు కొంతసేపు నాలుగు తొక్కి, ఎక్కడో దారి తప్పి ఆగింది. కానీ గదిలో నాలుగు ఇంకా వినబడుతూనే ఉంది. సన్నగా, లోహం మీద. తల తిప్పి చూశాను.

గుమ్మంలో భార్య పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు దుప్పటి మీదున్నాయి. చూపుడువేలు పళ్లెం అంచు మీద కొడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోది కొంచెం గట్టిగా, అచ్చం తమ్ముడు కొట్టినట్టే, ఆలస్యం చేసీ చెయ్యనట్టు. ఆవిడకి తెలియదు తను కొడుతున్నానని. మేస్త్రీ ఆ వేలు చూశాడు. కూతురికి కళ్లతోనే సైగ చేశాడు, మాట్లాడకు అని. వాయిస్తూనే ఉన్నారు ఇద్దరూ. నలభై సెకన్లు. ఇరవై ఒక్క నాలుగులు. ఆవిడ ఒక్కటి కూడా వదల్లేదు.

పన్నెండో చుట్టు తిరిగి డ్రమ్ములు విరుచుకుపడ్డ క్షణంలో ఆవిడ వేలూ పడింది. పళ్లెం అదిరి గ్లాసుల్లో టీ చిందింది.



"నేనేం కొట్టలేదు," అంది ఆవిడ పైటచెంగుతో పళ్లెం తుడుస్తూ. "చిన్నప్పుడు వాడు మంచినీళ్ల డబ్బా మీద పొద్దస్తమానం ఇదే కొట్టి నా చదువు చెడగొట్టాడు. చెవిలో ఉండిపోయి చచ్చింది."

"కొట్టింది నువ్వు కాదులే. వాడే," అన్నాడు మేస్త్రీ.

నేను ఆరేళ్లలో ఈ గదిలో చాలా విన్నాను. ఆ మధ్యాహ్నం విన్నంత బాగున్న పాట మాత్రం వినలేదు. మనిషి లేకపోవడాన్ని కూడా అంత కచ్చితంగా కొలిచి, దానికి సరిపడా చోటు వదిలి, అవతలి గట్టున చెయ్యి చాచి నిలబడటం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆయన్ని అడిగితే అదేం లేదు, దారం పట్టడం అంటాడు.

టీ తాగాక నేను లేచాను. మేస్త్రీ కూడా లేచి, అటక మీద నుంచి ఒక నీలం టైలు తీశాడు. క్లినిక్కులో మిగిలింది. దాని వెనక పెన్సిలుతో ఆరు అడ్డగీతలు గీసి ఉన్నాయి, ఒక్కో గీతలో ఇరవై ఎనిమిది చిన్న గాట్లు. పై రెండు గీతలూ నల్లగా నింపాడు. మధ్యలో మూడు ఉత్తవి. అడుగున ఒకటి మళ్లీ నలుపు. ఇంకేం లేదు, ఒక్క అక్షరం కూడా.

"ఏదైనా రాయాల్సింది," అన్నాను.

"ఏం రాయను? తప్పయింది అని రాస్తే వాడు చదవడు, ఏడిపిస్తున్నానంటాడు. లెక్కైతే చదవకుండా ఉండలేడు." టైలుని పాత పేపర్లో చుట్టాడు, మూలలు చితక్కుండా రెండు చుట్లు. "మీరు రేపు పొద్దున ఎనిమిదింటి బస్సుకే కదా వెళ్లేది? అది వాడి బస్సే."

"ఇస్తాను. ఏం చెప్పమంటారు?"

"మోకాలి సంగతి నాకు తెలిసినట్టు మాత్రం చెప్పకండి. పాట కోసమే అలా మార్చానని అనుకోవాలి. అయినా అబద్ధమేముంది, పాట కోసమే! బాగైందా లేదా?"

"బాగైంది."

"అదే చెప్పండి. ఉత్త గీతల్లో కూడా లెక్క వాడిదే, నేను ముట్టుకోలేదని చెప్పండి." గుమ్మం దాటి మెట్లదాకా వచ్చాడు. నేను రెండడుగులు వేశానో లేదో మళ్లీ పిలిచాడు. "గురువుగారూ! దిగేటప్పుడివ్వండి, ఆఖరి స్టాపులో, బండి పూర్తిగా ఆగాక. ముందే ఇచ్చారంటే స్టీరింగు మీద లెక్కపెడతాడు, మీరు ఆఫీసుకి చేరరు."